పైసలు ఒక దేశం నుంచి, సరుకు ఇంకో ఊరికి: మన ఆన్‌లైన్ దుకాణాలవాళ్లకు ఒక బహిరంగ లేఖ

వరంగల్ కొత్తవాడ దర్రీల (జంపఖానాల) సంఘాల పాలకవర్గాలకు, పెంబర్తి, చేర్యాల, నిర్మల్, కరీంనగర్ పనితనాన్ని నెట్‌లో అమ్ముతున్న అన్నలకు, అక్కలకు, వాళ్లకు సైట్లు తయారుచేసి ఇస్తున్న తమ్ముళ్లకు,

నమస్కారం.

నేను హన్మకొండలో జీఎస్టీ లెక్కలు చూసుకునే మనిషిని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మీలాంటి అమ్మేవాళ్లు. మిగతా సగం అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి ఇంటి పన్ను, రిటర్నుల కోసం ఫోన్ చేసేవాళ్లు. ఈ రెండో రకం వాళ్లు ఈమధ్య అసలు పని అయిపోయాక మెల్లగా ఇంకో మాట ఎత్తుతున్నారు. "అక్కా, అమ్మకు ఒక దర్రీ పంపాలె. సైట్ల నా కార్డు తీస్కుంటలేదు. నీ ఫోన్ నుంచి కొట్టు, నీకు నేను పంపిస్త." మెట్‌పల్లి నుంచి కువైట్ పోయిన ఒకాయనైతే విసుగొచ్చి, "పైసలు నా దగ్గర ఉన్నయి అక్కా, తీస్కునేటోడే లేడు" అన్నాడు. ఒకరి ఆర్డరుకు ఇంకొకరు డబ్బు కట్టడం లెక్కల్లో నాకు తలనొప్పి. అంతకన్నా పెద్ద నష్టం మీది. అడగడానికి నాలాంటి అక్క దొరకనివాళ్లు ఆ పేజీ మూసేసి వెళ్లిపోతున్నారు, వాళ్లు వచ్చి వెళ్లిన సంగతి కూడా మీకు తెలియదు.

మీలో చాలామంది సైట్లు నేను చూశాను. ఫొటోలు బాగున్నాయి. నేత గురించి రాసిన నాలుగు మాటలూ బాగున్నాయి. 2018లో వరంగల్ దర్రీలకు వచ్చిన జీఐ గుర్తింపు (ఇది ఈ ఊరి సరుకే అన్న ప్రభుత్వ ముద్ర) ముచ్చట కూడా పైనే పెట్టారు. చిక్కంతా డబ్బు కట్టే చివరి పేజీలో ఉంది. దుకాణం తలుపులు బార్లా తెరిచి గల్లాపెట్టెకు తాళం వేసినట్టుంది ఆ పేజీ.

కొనే మనిషి, ఆయన కార్డు, ఆయన ఫోన్, సరుకు దిగాల్సిన ఇల్లు, ఈ నాలుగూ ఒకే దేశంలో ఉంటాయని ఆ పేజీ అనుకుంటోంది. మన జిల్లాల్లో అది నిజం కాక ఎన్నేళ్లయింది? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌లో మనిషి లేని వాడకట్టు వెతికి చూడాల్సిందే. హన్మకొండలో ఇంజినీరింగ్ చదివిన పిల్లలు డాలస్‌లో బతుకమ్మ ఆడుతున్నారు. డబ్బు కట్టేది ఎక్కడి నుంచి, సరుకు చేరాల్సింది ఎక్కడికి అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మీ పేజీ వాటిని ఒకే ప్రశ్నగా అడుగుతోంది. నా ఫిర్యాదు ఇదొక్కటే, మిగతాదంతా దీనికి వివరణే.

మొదట అందరికన్నా తేలికైన కొనుగోలుదారు సంగతి చూడండి. డాలస్‌లో ఉన్న కొడుకు నర్సంపేటలో ఉన్న తల్లికి దర్రీ కొంటున్నాడు. విదేశీ కొరియర్ లేదు, కస్టమ్స్ లేదు, సుంకం లేదు. పార్శిల్ వరంగల్ నుంచి నర్సంపేట పోతుంది, అంతే. ఇందులో విదేశీది కార్డు ఒక్కటే. లెక్కలో కూడా గందరగోళం లేదు. విదేశీ కార్డుతో డబ్బు వచ్చినంత మాత్రాన అది ఎగుమతి అయిపోదు, సరుకు దేశం దాటలేదు కాబట్టి జీఎస్టీ మామూలుగానే పడుతుంది. ఇంత సుఖమైన బేరాన్ని మన సైట్లు ఎట్లా పోగొట్టుకుంటున్నాయో వరసగా చెబుతాను.

ఆయన ముందు చిరునామా నింపాలి. ఒకే చిరునామా అడుగుతారు కాబట్టి నర్సంపేటది ఇస్తాడు. అమెరికా, కెనడా, బ్రిటన్ కార్డుల విషయంలో అక్కడి బ్యాంకులు బిల్లింగ్ చిరునామాలోని (కార్డు కోసం బ్యాంకుకు ఇచ్చిన చిరునామాలోని) అంకెలను, పోస్టల్ కోడ్‌ను తమ రికార్డుతో పోల్చి చూసే పద్ధతి ఒకటి ఉంది. కార్డు డాలస్ ఇంటి చిరునామా మీద ఉండి, మీ పేజీ నర్సంపేట పిన్ కోడ్ పంపితే రెండూ కలవవు. ఎవరో దొంగ కార్డు వాడుతున్నాడేమోనన్న అనుమానంతో లావాదేవీ ఆగిపోవచ్చు. ఆయనకేమో "పేమెంట్ ఫెయిల్డ్" అన్న రెండు మాటలే కనిపిస్తాయి. తప్పు ఎక్కడుందో ఆయనకూ తెలియదు, మీకూ తెలియదు. "బిల్లింగ్ చిరునామా వేరే" అని ఒక గడి పెట్టి, అది నొక్కితే దేశాల జాబితా వచ్చేలా చేస్తే ఈ చిక్కు తీరిపోతుంది.

పోనీ, తన డాలస్ చిరునామా ఇద్దామనుకున్నాడు. పిన్ కోడ్ గడి ఆరంకెలు లేనిదే ముందుకు పోనివ్వదు. ఆరంకెల పిన్ మనకు 1972లో వచ్చింది, మనకే. అమెరికాలో ఐదంకెలు, ఆస్ట్రేలియాలో నాలుగు. బ్రిటన్, కెనడాల్లో అంకెల మధ్య అక్షరాలుంటాయి. దుబాయ్‌లో అసలు పిన్ కోడే లేదు, పోస్టు బాక్సు నంబరుతో పని నడుస్తుంది. సింగపూర్‌ది మాత్రం మనలాగే ఆరంకెలు. అందుకే సింగపూర్‌వాళ్లు ఈ గడి దాటి సంతోషంగా ఫోన్ నంబరు దాకా వస్తారు. ఆ గడి పదంకెలు అడుగుతుంది, వాళ్ల నంబర్లు ఎనిమిదంకెలే కాబట్టి వాళ్ల ప్రయాణమూ అక్కడే ముగుస్తుంది.

ఫోన్ నంబరు గడి గురించి సైట్లు కట్టే తమ్ముళ్లు ఒకసారి ఆలోచించాలి. అమెరికా నంబరు కూడా పదంకెలే. డాలస్ ఏరియా కోడ్‌లలో 972 ఒకటి. అంటే ఆ నంబరు తొమ్మిదితో మొదలవుతుంది, మన మొబైల్ నంబరులాగే కనిపిస్తుంది. మీ గడి ముందు +91 అని మార్చడానికి వీల్లేకుండా పెట్టారు. ఆయన తన నంబరు కొడతాడు, గడి ఒప్పుకుంటుంది, ఓటీపీ మాత్రం మన దేశంలో ఆ నంబరున్న ఎవరో పెద్దమనిషి ఫోన్‌కు పోతుంది. ఆ పెద్దమనిషి అర్ధరాత్రి లేచి ఏమనుకుంటాడో ఏమో. కువైట్‌ది ఎనిమిదంకెల నంబరు, యూఏఈ మొబైల్ దేశం కోడ్ పోను తొమ్మిదంకెలు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దేశం కోడ్‌తో కలిపి పదిహేనంకెల దాకా ఉండొచ్చు. కాబట్టి అంకెలు లెక్కపెట్టే పని మానేయండి. దేశం ఎంచుకోనివ్వండి. ఖాతా తెరవడానికి ఓటీపీ బదులు ఈమెయిల్ చాలదా? అసలు ఒక్క దర్రీ కొనడానికి ఖాతా ఎందుకు?

రాష్ట్రం గడిలో మన రాష్ట్రాలే ఉంటాయి, కాబట్టి కువైట్‌వాళ్లు కూడా తెలంగాణ అనే పెట్టాలి. ల్యాండ్‌మార్క్ తప్పనిసరి. డాలస్‌లో ఇంటికి ల్యాండ్‌మార్క్ ఏం రాయాలి, వాల్‌మార్ట్ ఎదురుగా అనా? తప్పనిసరి గుర్తు పెట్టిన ప్రతి గడీ ఎవరో ఒకరిని బయటికి పంపుతుంది. పెట్టేముందు అది లేకుండా పార్శిల్ చేరదా అని మిమ్మల్ని మీరే అడగండి.

ఇక పైసల దగ్గరికి వద్దాం. సంఘాల పెద్దలతో మాట్లాడితే అందరూ ఒకటే అంటారు: "యూపీఐ ఉంది గదమ్మా, ప్రపంచమంతా పోయింది గద." 2016లో మొదలైన యూపీఐ మన దగ్గర చేసిన మేలు చిన్నది కాదు, ఒప్పుకుంటాను. అయితే 2024 ఫిబ్రవరిలో ఈఫిల్ టవర్ దగ్గర యూపీఐ మొదలైందంటే, ఇక్కడి బ్యాంకు ఖాతాతో అక్కడికి పోయినవాళ్లు అక్కడ కట్టొచ్చని అర్థం. అక్కడున్నవాళ్లు తమ అక్కడి ఖాతా నుంచి మీకు కట్టొచ్చని కాదు. దారి ఒకటే, దిక్కు వేరు. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు (బయట ఉండేవాళ్లకు మన బ్యాంకులు ఇచ్చే ఖాతాలు) ఉన్నవాళ్లు విదేశీ ఫోన్ నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలు 2023 జనవరిలో వచ్చింది. మొదట ఇచ్చిన పది దేశాల జాబితాలో యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్ లేవు. పైగా ఆ సౌకర్యం ఆయన బ్యాంకు ఇవ్వాలి, ఆయన దాన్ని ఆన్ చేసుకుని ఉండాలి. మన మనుమరాలు కోడలిగా పోయిన ఇంటి అమెరికన్ పక్కింటామెకు ఇవేవీ ఉండవు. ఆమెకూ దర్రీ నచ్చొచ్చు.

గూగుల్ పే బొమ్మ చూసి మోసపోయేవాళ్లు ఇంకొందరు. మన దగ్గర ఆ బొమ్మ అంటే యూపీఐ. లండన్‌లో అదే బొమ్మ అంటే ఫోన్‌లో దాచుకున్న కార్డు. లండన్ మనిషి దాన్ని నొక్కుతాడు, మీ పేజీ యూపీఐ ఐడీ అడుగుతుంది, ఆయన తెల్లమొహం వేస్తాడు. ఎంచుకున్న దేశాన్ని బట్టి ఆ బొమ్మ వెనక పని మారాలి, లేదంటే బొమ్మే కనిపించకూడదు.

దీనికి మందు పెద్దదేం కాదు. మీ పేమెంట్ గేట్‌వే (మీ సైట్‌లో కార్డు డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థ) దగ్గర అంతర్జాతీయ కార్డులు విడిగా ఆన్ చేయించుకోవాలి. మామూలుగా అవి మూసే ఉంటాయి, అడిగితే కాగితాలు చూసి తెరుస్తారు. రుసుము దేశీయ కార్డుల కన్నా ఎక్కువ పడుతుంది, నిజమే. దాన్ని ధరలో లెక్కవేసుకోండి, చివరి పేజీలో కొత్తగా బయటపెట్టకండి. దేశం దాటే చెల్లింపులు చూసే సంస్థలకు ఆర్‌బీఐ 2023 అక్టోబరు 31న కొత్త నిబంధనలు ఇచ్చింది. అప్పట్లో అందులో ఒక్కో వస్తువుకు 25 లక్షల రూపాయల పరిమితి పెట్టింది. ఆ ధర పలికే దర్రీ నేసినరోజు చూద్దాం. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలో మనకు మనకు మధ్య చెల్లింపులు ఆపేసింది కానీ, బయటి నుంచి మనకు వచ్చేవి ఆపలేదు. కార్డు నంబరు కొత్త సైట్‌లో కొట్టడానికి జంకేవాళ్లకు అది ధైర్యం ఇస్తుంది.

అంతకు మించి పరుగెత్తొద్దని నా సలహా. కువైట్‌లో కేనెట్, సౌదీలో మదా, నెదర్లాండ్స్‌లో ఐడీల్, బ్రెజిల్‌లో పిక్స్, ఇట్లా ప్రతి దేశానికీ ఇంటి పద్ధతి ఒకటుంది. అవన్నీ పెట్టిస్తామని మీ దగ్గర డబ్బు తీసుకునేవాళ్లూ ఉంటారు. ఆర్డర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒక ఏడాది చూసి, గల్ఫ్ ఎక్కువైతే గల్ఫ్ పద్ధతి గురించి అప్పుడు అడగండి. బ్రెజిల్ సంగతి బ్రెజిల్‌వాళ్లు అడిగినప్పుడు.

కార్డు ఓటీపీ గురించి ఒక మాట. మన దేశపు కార్డుకు ఆన్‌లైన్‌లో రెండో ధ్రువీకరణ ఆర్‌బీఐ నిబంధన. బయటి కార్డుకు ఆ నిర్ణయం అక్కడి బ్యాంకుది, అక్కడి చట్టానిది. యూరప్‌లో గట్టిగా అడుగుతారు, అమెరికాలో చాలాసార్లు అడగనే అడగరు. ఓటీపీ రాలేదని అక్కడివాళ్లు కంగారుపడరు, మీరూ పడొద్దు. మీ పేజీలో "ఓటీపీ కోసం ఆగండి" అని తిరుగుతూ ఉండే చక్రం మాత్రం వాళ్లను కంగారుపెడుతుంది.

"దొంగ కార్డుతో కొని, సరుకు తీసుకున్నాక డబ్బు వెనక్కి లాగితే?" అని ఒక సంఘం పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న, అట్లాంటివి జరుగుతాయి. సరుకు పోయిన వారం రోజులకే నిశ్చింత అనుకోవద్దు. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో చాలా రకాల ఫిర్యాదులకు 120 రోజుల దాకా గడువుంటుంది. విదేశీ కార్డులకు త్రీడీ సెక్యూర్ (కొనేది కార్డు మనిషేనా అని ఆయన బ్యాంకు చూసే పద్ధతి) ఆన్ చేయమని గేట్‌వేను అడగండి. అది దాటి వచ్చిన లావాదేవీలో మోసం జరిగితే సాధారణంగా ఆ భారం కార్డిచ్చిన బ్యాంకు మీద పడుతుంది. పార్శిల్ అందిన రుజువు దాచుకోండి. భయపడి మొత్తం మూసేయడం మాత్రం జాగ్రత్త కాదు. ఇంకో పని అసలే చేయొద్దు: కార్డు ఫొటో రెండు వైపులా తీసి వాట్సాప్‌లో పంపమనడం. అట్లా అడుగుతున్న దుకాణాలున్నాయి. కొనేవాళ్ల కార్డు నంబర్లు అమ్మేవాళ్లు దాచుకోకూడదని ఆర్‌బీఐ 2022 అక్టోబరు 1 నుంచి అమలు చేస్తోంది. విదేశీ కార్డు కదా అని సందు వెతకొద్దు. ఆ ఫోన్ పోతే కొన్నవాళ్లకు ఏం జవాబు చెబుతారు?

ధర ఏ డబ్బులో చూపించాలన్నది తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది, కాదు. డాలర్లలో చూపించి రూపాయల్లో లాగితే, కొన్నాయన స్టేట్‌మెంట్‌లో వేరే అంకె వస్తుంది. ఆయన బ్యాంకు తన రేటు వేస్తుంది, చాలా కార్డులకు విదేశీ లావాదేవీ రుసుమూ ఉంటుంది. "మేం తీసుకునేది ఇన్ని రూపాయలు, మీ డబ్బులో సుమారు ఇంత, మీ బ్యాంకు లెక్కలో కొంచెం తేడా రావొచ్చు" అని మూడు ముక్కలు ధర పక్కనే రాస్తే చాలా గొడవలు తగ్గుతాయి. వాపసు ఇచ్చేటప్పుడు కూడా రూపాయల్లోనే ఇస్తామని ముందే చెప్పండి, అప్పటికి రేటు మారి ఉంటుంది.

నిజంగానే వాళ్ల డబ్బులో తీసుకోవాలనుకుంటే, తమ్ముళ్లూ, ఈ ముక్క మీకే. చాలా గేట్‌వేలు మొత్తాన్ని చిల్లర లెక్కలో తీసుకుంటాయి. రూపాయలైతే వందతో గుణించి పైసల్లో పంపుతారు. మీ కోడ్‌లో ఆ వంద రాయి మీద చెక్కినట్టు ఉంటుంది. కువైట్ దినార్‌కు వెయ్యి ఫిల్స్. బహ్రెయిన్ దినార్, ఒమన్ రియాల్ కూడా అంతే, దశాంశం తర్వాత మూడంకెలు. పన్నెండున్నర దినార్ల దర్రీని వందతో గుణించి పంపితే 1,250 ఫిల్స్, అంటే ఒకటింపావు దినార్ మాత్రమే వస్తుంది. నేతకారుడి కూలి అక్కడే పోయింది. జపాన్ యెన్‌కు చిల్లరే లేదు. దాన్ని వందతో గుణిస్తే కొన్నాయన నుంచి వంద రెట్లు లాగుతారు. మొదటిదానికి మీ సంఘం ఏడుస్తుంది, రెండోదానికి జపాన్ ఏడుస్తుంది. మనకు అలవాటైన 1,25,000 అనే కామా కూడా వాళ్లకు అచ్చుతప్పులా కనిపిస్తుంది. దేశాన్ని బట్టి అంకె రాసే పద్ధతి మార్చడం ఇప్పుడు ఏ భాషలో కోడ్ రాసినా సిద్ధంగానే దొరుకుతుంది.

సరుకు కూడా దేశం దాటాల్సి వస్తే అసలు కష్టం సుంకం దగ్గర. అమెరికాకు 800 డాలర్ల లోపు సరుకు సుంకం లేకుండా పోయే వెసులుబాటు 2025 ఆగస్టు 29తో అందరికీ పోయింది. ఆ రోజుల్లో మన పోస్టాఫీసులు అమెరికాకు పార్శిళ్లు తీసుకోవడం ఆపేశాయి. సుంకం ఇక్కడే ముందుగా కట్టే ఏర్పాటుతో అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టాయి. ఆ తర్వాత కూడా రేట్లు ఒకచోట నిలవలేదు. బ్రిటన్‌లో 135 పౌండ్ల లోపు సరుకుకు వ్యాట్ అమ్మేటప్పుడే వసూలు చేయాలన్నది 2021 జనవరి నుంచి ఉన్న నియమం. యూరప్ దేశాలు అదే ఏడాది జులై నుంచి చిన్న పార్శిళ్లకున్న వ్యాట్ మినహాయింపు తీసేశాయి. ఆస్ట్రేలియా వెయ్యి డాలర్ల లోపు దిగుమతుల మీద కూడా 2018 నుంచి జీఎస్టీ అడుగుతోంది, కాకపోతే అక్కడి అమ్మకాలు ఏడాదికి 75,000 ఆస్ట్రేలియా డాలర్లు దాటినవాళ్లనే. మనలో ఆ గీత దాటేవాళ్లు ఉంటే నాకు సంతోషమే.

ఈ అంకెలన్నీ సైట్‌లో ఎక్కించమని నేను అనడం లేదు. రేపు మారతాయి. సుంకం ఎవరు కడతారో పైసలు తీసుకోకముందే చెప్పమంటున్నాను. బర్మింగ్‌హామ్‌లో కొరియర్ మనిషి గుమ్మంలో నిలబడి పన్నూ, దాని మీద తన రుసుమూ అడిగితే, చాలామంది పార్శిల్ వద్దని పంపేస్తారు. తిరుగు రవాణా ఖర్చులో దర్రీ ధర కరిగిపోతుంది. కాబట్టి సుంకం కలిపి తీసుకునే కొరియర్‌తో మాట్లాడుకుని మొత్తం ఒకే అంకెగా చూపించండి. అది కుదరకపోతే "మీ దేశంలో పన్ను అదనం, మీరే కట్టాలి" అని కొనే బొత్తాం పైనే రాయండి, కింద నిబంధనల్లో దాచొద్దు. రవాణా ఖర్చు కూడా అంతే. కొరియర్లు తూకమే కాక పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. దర్రీని గట్టిగా మడిచి కడితే ఒక రేటు, వదులుగా చుడితే ఇంకో రేటు. పెంబర్తి ఇత్తడి సామానుకు ఈ బాధ తక్కువ, అది తూకంలోనే తేల్చేస్తుంది.

అన్ని దేశాలకూ ఒకేరోజు అమ్మాలనీ లేదు. నాలుగైదు దేశాలతో మొదలుపెట్టండి. మిగతావాళ్లకు మొదటి పేజీలోనే "మీ దేశానికి ఇంకా పంపడం లేదు, ఈమెయిల్ రాయండి" అని చెబితే ఎవరూ నొచ్చుకోరు. గడులన్నీ నింపించి చివర్లో చెబితే మళ్లీ రారు.

"మన జంపఖానా అంత దూరం ఎవరు కొంటారమ్మా" అని ఇంకా అనేవాళ్లకు ఒకటి గుర్తుచేస్తాను. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఓరుగల్లు తివాచీ ఉంది. ఓడలో పోయింది.

సైట్ సిద్ధమైందని మీకు చెప్పినప్పుడు ఆఫీసులో కూర్చుని పరీక్షించి సంతకం పెట్టకండి. బయట ఉన్న బంధువులు ఎవరినైనా వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, వాళ్ల కార్డుతో, వాళ్ల ఫోన్ నంబరుతో, వాళ్ల అసలు చిరునామాతో అన్నిటికన్నా చిన్న వస్తువు కొనమనండి. మీరు నోరు మెదపొద్దు. ఎక్కడ ఆగిపోయారో రాసుకుని తమ్ముళ్లకు ఇవ్వండి, అది సరిచేశాకే మిగతా బిల్లు ఇవ్వండి. బతుకమ్మ, దసరా ఆర్డర్లు మొదలవడానికి రెండు నెలల ముందే ఈ పని అయిపోవాలి, పండగ వారంలో కాదు.

ఎగుమతి చేసే సంఘాలకు ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు ఇచ్చే కోడ్) కావాలి. దరఖాస్తు రుసుము 500 రూపాయలు, మీ పాన్ నంబరే ఐఈసీ నంబరు అవుతుంది. ఐజీఎస్టీ (ఎగుమతి సరుకుకు వర్తించే జీఎస్టీ) ముందు కట్టకుండా పంపడానికి ఎల్‌యూటీ అనే హామీపత్రం వేయాలి, దానికి రుసుమే లేదు. ఈ రెండూ నింపడంలో సాయం కావాలంటే సంఘం తీర్మానం కాపీ, పాన్, క్యాన్సిల్ చేసిన చెక్కు పట్టుకుని రండి. నెల 20 దాటాక అయితే మంచిది, జీఎస్టీ నెలవారీ 3బీ రిటర్నుల గోల అప్పటికి తీరుతుంది.

ఇట్లు,
హన్మకొండ నుంచి మీ లెక్కల అక్క